పాత స్ప్రింగు ఎయిర్ రైఫిల్‌ను ఇంట్లోనే బాగుచేసుకోవడం: చెన్నై తెలుగువారికి సమగ్ర మార్గదర్శి

నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చి మద్రాసులో స్థిరపడిన ఇళ్లలో అటక మీది సామాను దించితే, గోనెపట్టాలో చుట్టిన పిట్టల తుపాకీ ఒకటి బయటపడటం అరుదేమీ కాదు. మామిడితోటలో కోతుల్ని బెదిరించడానికి తాతల కాలంలో కొన్నది. గొట్టం తుప్పు పట్టి ఉంటుంది. వంచితే కిర్రుమంటుంది. పేల్చితే పెల్లెట్ (చిన్న సీసపు గుండు) రెండు గజాల అవతల పడుతుంది, లేదా గొట్టంలోనే ఇరుక్కుంటుంది. దయచేసి దాన్ని పాతసామాన్లవాడికి కిలో లెక్కన వేయకండి. ఇందులో చెడిపోయేవి సాధారణంగా మూడే: తోలు వాషర్, స్ప్రింగు, బ్రీచ్ (గొట్టం వెనక పెల్లెట్ పెట్టే చోటు) దగ్గరి సీలు. మిగతాదంతా గట్టి ఉక్కు, మంచి కొయ్య. శ్రద్ధగా చేస్తే ఇంకో తరం పనిచేస్తుంది.

ఒక మాట మొదటే చెప్పాలి. బాగుచేయడమంటే బలం పెంచడం కాదు. "కొంచెం గట్టి స్ప్రింగు వేస్తే దూరం కొడుతుంది" అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అసలుదానికంటే గట్టి స్ప్రింగు వేస్తే కుదుపు పెరుగుతుంది, గురి చెడుతుంది, ట్రిగ్గర్ పళ్లు అరుగుతాయి, చట్టం గీసిన గీత కూడా దగ్గరవుతుంది. తయారైన రోజున ఎంత మెత్తగా, ఎంత నిలకడగా పేలిందో అక్కడికి తీసుకురావడమే ఈ పని.

చట్టం సంగతి

2016 ఆయుధాల నియమాల ప్రకారం ఎయిర్ రైఫిళ్ల విషయంలో రెండు కొలతలు ముఖ్యం: గొట్టం బోరు (లోపలి వ్యాసం) 4.5 మిల్లీమీటర్లు, అంటే 0.177 అంగుళం; పెల్లెట్ బయటికి వచ్చేటప్పటి శక్తి 20 జౌళ్లు. ఈ రెంటిలో ఏది మించినా లైసెన్సు కావాలి. పాత తుపాకీల మీద కొన్నిసార్లు 'నంబర్ 1 బోర్' అని ఉంటుంది, అది 0.177. 'నంబర్ 2 బోర్' అంటే 0.22. మీ ఇంట్లో దొరికింది 0.22 అయితే స్క్రూ విప్పే ముందే లైసెన్సున్న ఆయుధాల డీలర్‌నో, దగ్గరి పోలీస్ స్టేషన్‌నో కలిసి విషయం తేల్చుకోండి.

ఇక పక్షుల్ని, ఉడతల్ని కొట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పిట్టల తుపాకీ అన్న పేరు పాతకాలానిది. ఇప్పుడు దీని పని కాగితం మీది గురి, అంతే. లేత్ షాపుకో, రేంజికో తీసుకెళ్లేటప్పుడు సంచిలో పెట్టి, కాక్ చేయకుండా (అంటే గొట్టం వంచి స్ప్రింగును ముడిచి పేల్చడానికి సిద్ధం చేయకుండా) తీసుకెళ్లండి. ఆటోలో ఒడిలో పెట్టుకుని కూర్చుంటే చూసేవాళ్లకి అది గాలి తుపాకీ అని తెలియదు.

మీ దగ్గరున్నది ఏది?

విప్పేముందు అక్షరాలు చదవండి. తుప్పు మీద నూనె రాసి, గుడ్డతో మెల్లగా తుడిస్తే బ్రీచ్ దగ్గరా, గొట్టం మీదా ముద్రలు కనబడతాయి. మన వైపు ఎక్కువగా కనిపించేవి డయానా, బీఎస్‌ఏ, వాటిని చూసి ఇక్కడ తయారుచేసినవి.

డయానా కంపెనీని 1890లో జర్మనీలోని రాస్టాట్ పట్టణంలో యాకోబ్ మేయర్, యోసెఫ్ గ్రామెల్‌స్పాకర్ మొదలుపెట్టారు. వాళ్ల ముద్రలో వేటదేవత తన విల్లును పాదాల కింద పడేసి, తుపాకీని పైకెత్తి నిలబడి ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ యంత్రాలూ, ఆ పేరూ స్కాట్లాండ్‌లోని మిల్‌బ్రో కంపెనీ చేతికి వెళ్లాయి. అందుకే పాతవాటిలో డయానాలు రెండు రకాలు: బ్రిటన్‌లో తయారైనవి, జర్మనీలో తయారైనవి. ఒకదాని సామాను ఇంకోదానికి సరిపోతుందని అనుకోకండి. జర్మన్‌వాటిలో సిలిండర్ మీద చిన్న అంకెల్లో నెల, సంవత్సరం కొట్టి ఉంటాయి. ఐదు మూలల గడిలో 'ఎఫ్' అక్షరం ఉంటే అది 7.5 జౌళ్ల లోపు శక్తి ఉన్నదని జర్మన్ గుర్తు.

బీఎస్‌ఏ అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. మోటారు సైకిళ్లతో మన తాతలకి తెలిసిన కంపెనీయే. దాని మీటియర్ మోడల్ 1959లో వచ్చింది. మోడల్ ఏదో తెలిస్తే స్ప్రింగు కొలతలు, సీలు రకం ముందే అంచనా వేసుకోవచ్చు. తెలియకపోయినా పని ఆగదు. మందం, వ్యాసం కొలిచే వెర్నియర్ ఒకటి ఉంటే చాలు.

లోపల ఏం జరుగుతుంది

గొట్టాన్ని కిందికి వంచినప్పుడు ఒక లింకు పిస్టన్‌ను వెనక్కి లాగుతుంది. పిస్టన్ వెనకున్న స్ప్రింగు ముడుచుకుంటుంది. చివర్లో ట్రిగ్గర్ పన్ను పిస్టన్ కాడను పట్టేస్తుంది. మీట నొక్కితే పిస్టన్ ముందుకు దూకి, తన ముందున్న గాలిని చిన్న రంధ్రం గుండా పెల్లెట్ వెనక్కి నెడుతుంది. సైకిల్ పంపులో తోలు వాషర్ ఎలా పనిచేస్తుందో ఇక్కడా అంతే. గాలి ఒత్తిడి తోలు అంచును విచ్చుకునేలా చేసి, సిలిండర్ గోడకి గట్టిగా అదుముతుంది.

ఒక ముఖ్యమైన విషయం. గాలి ఒక్కసారిగా నలిగినప్పుడు విపరీతంగా వేడెక్కుతుంది. అక్కడ పెట్రోలియం నూనె ఉంటే అంటుకుంటుంది. దీన్నే డీజిలింగ్ అంటారు. అప్పుడు ఠప్పుమని పెద్ద శబ్దం వస్తుంది, పొగ వస్తుంది, సీలు కాలిపోతుంది, స్ప్రింగు విరగవచ్చు. తుప్పు వదిలించే స్ప్రేలు, కుట్టుమిషన్ నూనె, ఇంజిన్ ఆయిల్ ఆ గదిలోకి పోయవద్దనడానికి కారణం ఇదే. అలాగే పెల్లెట్ లేకుండా పేల్చకూడదు. ఎదురు గాలి లేక పిస్టన్ నేరుగా ఇనుప గోడకి కొట్టుకుంటుంది.

చేతులు జాగ్రత్త

తుపాకీ చేతికి రాగానే అది కాక్ అయి ఉందనే అనుకోండి. గొట్టాన్ని సురక్షితమైన వైపుకి తిప్పి, వంచి చూడండి. ఏమీ బలం పెట్టకుండా తేలిగ్గా వంగితే, అప్పటికే కాక్ అయి ఉండవచ్చు. పేల్చితే పోతుందిలే అని గొట్టం వంచి ఉండగా ట్రిగ్గర్ నొక్కకండి. గొట్టం (బ్యారెల్) ఎగిరి లేచి వేళ్లను నరుకుతుంది, తానూ వంగుతుంది, కొయ్య కూడా చీలుతుంది. పెల్లెట్ పెట్టేటప్పుడు కూడా ఎప్పుడూ ఒక చేయి గొట్టాన్ని గట్టిగా పట్టుకునే ఉండాలి. పిల్లలకి నేర్పేటప్పుడు నేను మొట్టమొదట చెప్పేది ఇదే.

రెండో ప్రమాదం స్ప్రింగు. తుపాకీ కాక్ కాకపోయినా, లోపల స్ప్రింగు ఐదారు సెంటీమీటర్లు ముడుచుకునే ఉంటుంది. వెనక బిరడాను ఊరికే తీస్తే అది మొహం మీదికి దూకుతుంది. కాబట్టి స్ప్రింగు కంప్రెసర్ లేకుండా విప్పవద్దు.

కంప్రెసర్ చేయడం కష్టం కాదు. నాలుగడుగుల మందపాటి పలక, రెండు చివర్లా అడ్డంగా బిగించిన చెక్క దిమ్మలు, ఒక దిమ్మలోంచి వచ్చే 12 మిల్లీమీటర్ల మర రాడ్డు, దానికి నట్లు, చివర చిన్న చెక్క గిన్నె. సిలిండర్‌ను పలక మీద పడుకోబెట్టి, రెండు చోట్ల పట్టీలతో బిగించి, రాడ్డు తిప్పుతూ బిరడాను నొక్కాలి. వడ్రంగుల దగ్గరుండే పొడవాటి సాష్ క్లాంపు కూడా పనికొస్తుంది. కళ్లజోడు, గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి.

విప్పడం

మొదట కొయ్యను విడదీయాలి. ముందు భాగంలో ఇరువైపులా రెండు స్క్రూలు, ట్రిగ్గర్ గార్డు దగ్గర ఒకటో రెండో ఉంటాయి. ఏళ్ల తరబడి ఉప్పుగాలి తిన్న స్క్రూలు కదలవు. గాడికి సరిగ్గా పట్టే స్క్రూడ్రైవర్ కావాలి. వెడల్పు తక్కువైతే గాడి విరుగుతుంది. కిరసనాయిలూ ఇంజిన్ ఆయిలూ కలిపి చుక్కలు వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున స్క్రూడ్రైవర్ పెట్టి పిడి మీద చిన్నగా సుత్తితో తట్టి, తర్వాత తిప్పండి. విప్పిన ప్రతి ముక్కనూ ఫోన్‌తో ఫొటో తీసి, ఐస్‌క్రీమ్ డబ్బాల్లో వేరువేరుగా పెట్టుకోండి.

తర్వాత సిలిండర్‌ను కంప్రెసర్‌లో పెట్టాలి. డయానా 27 లాంటి వాటిలో వెనకున్న ట్రిగ్గర్ బ్లాకును అడ్డంగా రెండు పిన్నులు పట్టి ఉంచుతాయి. జర్మనీ వైరాఖ్ కంపెనీ 35 మోడల్ లాంటి వాటిలో బిరడాకి మర ఉంటుంది, తిప్పి తీయాలి. పిన్నులైతే రాడ్డుతో కాస్త నొక్కితే వాటి మీది బరువు తగ్గి, తేలికగా తట్టినా బయటికి వస్తాయి. గట్టిగా కొట్టాల్సి వస్తోందంటే ఇంకా సరిగ్గా నొక్కలేదన్నమాట. పిన్నులు వచ్చాక రాడ్డును మెల్లమెల్లగా వెనక్కి తిప్పండి, స్ప్రింగు పూర్తిగా వదులై చేతికి ఆడేదాకా.

పాత డయానా ట్రిగ్గర్లలో మూడు బేరింగు గోళీలు ఉంటాయి. బ్లాకు తీసేటప్పుడు రాలి నేల మీద దొర్లిపోతాయి. కింద తెల్ల గుడ్డ పరచండి. స్ప్రింగు వచ్చాక బ్యారెల్ ఇరుసు బోల్టు విప్పి, లింకును పిస్టన్ గాడి నుంచి తప్పిస్తే, పిస్టన్ జారి బయటికి వస్తుంది.

ఎండిన గ్రీజు నల్లగా గట్టిపడి ఉంటుంది. దాన్ని కిరసనాయిలుతో, పాత టూత్‌బ్రష్‌తో కడగండి. ట్రిగ్గర్ పళ్ల మీద మాత్రం ఎమెరీ కాగితం పెట్టవద్దు. ఆ అంచుల మీది సన్నని గట్టి పొర పోతే, తుపాకీ తనంతట తాను పేలే ప్రమాదం వస్తుంది.

స్ప్రింగు: ఉంచాలా, మార్చాలా?

అద్దం మీద దొర్లించండి. ఎగురుతూ దొర్లితే వంగిందని అర్థం. చుట్టు ఎక్కడైనా విరిగినా, రెండు కొసలూ చదునుగా లేకపోయినా మార్చాలి. నిటారుగా ఉండి, కాస్త పొట్టిదైతే మాత్రం ఉంచేయండి. పాత స్ప్రింగు కొంత ముడుచుకుపోవడం సహజం.

కొత్తది కావాలంటే తీగ మందం, బయటి వ్యాసం, లోపలి వ్యాసం, చుట్ల సంఖ్య, పొడవు వెర్నియర్‌తో కొలిచి రాసుకుని, పాత ముక్కతో సహా స్ప్రింగులు చుట్టే షాపుకి వెళ్లండి. అంబత్తూరు, గిండీ ఇండస్ట్రియల్ ఎస్టేట్లలో ఇలాంటి పని చేసేవాళ్లుంటారు. "అన్నా, సేమ్ కొలత, తీగ మందం పెంచొద్దు" అని గట్టిగా చెప్పండి. లేదంటే మంచి మనసుతోనే ఇంకాస్త గట్టిది చుట్టి ఇస్తారు. మందం పెరిగితే ఇంకో ఇబ్బంది ఉంది. 3 మిల్లీమీటర్ల తీగతో 32 చుట్లుంటే, పూర్తిగా నొక్కుకున్నప్పుడు 96 మిల్లీమీటర్లు. కాక్ చేసినప్పుడు లోపల ఉండే చోటు అంతకంటే ఎక్కువ ఉండాలి. తక్కువైతే చుట్లు ఒకదానికొకటి ఆనుకుని, పన్ను పట్టుకునేలోపే ఆగిపోతుంది. రెండు కొసలూ గ్రైండ్ చేయించి, 600 ఎమెరీతో నునుపు చేయండి. గరుకు కొస గిర్రుమంటూ తిరుగుతూ శబ్దం చేస్తుంది.

తోలు వాషర్: ఈ పనికి ప్రాణం

చెన్నైలో ఉన్నవారికి ఇక్కడ ఒక అదృష్టం ఉంది. పెరియమేట్ తోలు వ్యాపారానికి పేరున్న చోటు. అడయారులోని కేంద్ర తోలు పరిశోధనా సంస్థ 1948 నాటిది. చెట్ల బెరడుతో పదును చేసిన ఈస్ట్ ఇండియా తోలు ఈ ప్రాంతపు వారసత్వం. దానికి వాడిన బెరడుల్లో తమిళులు ఆవారం అనే మన తంగేడు ఒకటి. బతుకమ్మలో పెట్టే ఆ పువ్వు చెట్టు బెరడుతో ఒకప్పుడు ఊళ్లలో తోళ్లు పదును పెట్టేవారు.

షాపులో వెజిటబుల్ టాన్ చేసిన, అంటే బెరడుతో పదును చేసిన, చెప్పు అట్టకి వాడే గట్టి తోలు, నాలుగు మిల్లీమీటర్ల మందంలో చిన్న ముక్క అడగండి. క్రోమ్‌తో పదును చేసింది మెత్తగా అందంగా ఉంటుంది కానీ తడిపి అచ్చు పోస్తే ఆకారం నిలబడదు. కోసిన అంచు చూస్తే తెలిసిపోతుంది: క్రోమ్ తోలు లోపల లేత నీలంగానో, బూడిదరంగుగానో ఉంటుంది. బెరడు తోలు గోధుమ రంగులో ఉంటుంది.

అచ్చు కోసం లేత్ షాపులో రెండు ముక్కలు తిప్పించాలి. ఒకటి రింగు, దాని లోపలి వ్యాసం మీ సిలిండర్ లోపలి వ్యాసమంత. రెండోది గుండ్రటి ముక్క, రింగు కంటే రెండు తోలు మందాలు తక్కువ. అల్యూమినియం అయినా, గట్టి కొయ్య అయినా సరే.

తోలును రింగు కంటే పెద్ద గుండ్రంగా కోసి, గోరువెచ్చని నీళ్లలో బుడగలు ఆగేదాకా నానబెట్టండి. నున్నటి వైపు బయటికి వచ్చేలా రింగు మీద పెట్టి, గుండ్రటి ముక్కతో వైసులో మెల్లగా నొక్కండి. తోలు గిన్నెలా లోపలికి దిగుతుంది. ముడతలు పడితే తీసి, వేలితో సర్ది మళ్లీ నొక్కండి. ఇక్కడ తొందర పనికిరాదు. నొక్కిన అచ్చును అలాగే ఉంచి నీడలో ఆరనివ్వండి. కత్తిరి (మే నెల) ఎండల్లో ఒకటి రెండు రోజులు చాలు, ఐప్పసి (అక్టోబరు-నవంబరు) వానల్లో ఇంకా ఎక్కువ పడుతుంది. ఎండలో పెట్టినా, డ్రయర్ కొట్టినా పగులుతుంది.

ఆరాక పదునైన బ్లేడుతో అంచును సమంగా కోయండి. మధ్యలో రంధ్రం చేసి పిస్టన్ స్క్రూకి బిగించి, సిలిండర్‌లో పెట్టి చూడండి. వేలితో నెడితే బిగువుగా, కానీ కదులుతూ పోవాలి. సుత్తి కావాలనిపిస్తే బయటి వైపు ఎమెరీతో కొద్దిగా రుద్దండి. దానంతటదే జారిపోతుంటే ఇంకొకటి చేసుకోవడం మేలు. గిన్నె నోరు ముందువైపుకి ఉండాలి, అంటే గాలి నలిగే వైపుకి. తిరగేసి బిగిస్తే గాలి పట్టదు.

బిగించే ముందు తోలును రాత్రంతా నూనెలో నానబెట్టాలి. దీనికి నీట్స్‌ఫుట్ నూనె మంచిది. పశువుల కాలి ఎముకల నుంచి తీసే ఈ నూనె తోలు సామగ్రి షాపుల్లో దొరుకుతుంది. కొబ్బరినూనె వాడకండి. 24 డిగ్రీల దగ్గర అది గడ్డకడుతుంది. మార్గశిరపు తెల్లవారుజామున చెన్నైలో కూడా అంతకంటే చల్లగానే ఉంటుంది.

మీ తుపాకీలో తోలు బదులు ప్లాస్టిక్ సీలు ఉంటే అది ఇంట్లో చేసేది కాదు. మోడల్ ప్రకారం కొనుక్కోవాలి.

పిస్టన్‌ను తిరిగి ఎక్కించేటప్పుడు సిలిండర్ కింది గాడి అంచులు కత్తిలా ఉండి, కొత్త తోలును చెక్కేస్తాయి. ముందే ఆ అంచుల్ని సన్న ఎమెరీతో మొద్దు చేయండి. ఇంత కష్టపడి చేసిన వాషర్ పాడయ్యేది ఎక్కువగా ఈ చోటే.

బ్రీచ్ సీలు చిన్న పని. గొట్టం మూసే చోట తోలు వాషరో, రబ్బరు ఓ-రింగో ఉంటుంది. తోలైతే అదే ముక్కలోంచి కోసుకోవచ్చు. ఓ-రింగైతే వాహనాల విడిభాగాలు అమ్మే పుదుప్పేటలో కొలత చూపిస్తే ఇస్తారు. సీలు ఉపరితలం కంటే కాస్త పైకి ఉండాలి, మూసినప్పుడు నలగాలి.

ఏ గ్రీజు, ఎక్కడ

స్ప్రింగుకి, పిస్టన్ వెనక భాగానికి మాలిబ్డినం కలిసిన నల్ల గ్రీజు. కార్ల డ్రైవ్‌షాఫ్ట్ జాయింట్లకి వాడేదే. పలచగా, వేలితో రాసి తుడిచినంత. గుప్పెడు పెడితే పేల్చినప్పుడల్లా ముందుకు ఎగిరి, గాలి గదిలో చేరి అంటుకుంటుంది. తోలు వాషర్ ముందు ఏ గ్రీజూ వద్దు. ఇరుసుకి, లింకుకి కూడా ఇదే గ్రీజు. తోలు ఎండినట్టు అనిపిస్తే ఏడాదికోసారి గాలి రంధ్రంలోంచి నీట్స్‌ఫుట్ నూనె రెండు మూడు చుక్కలు వేసి, గొట్టం పైకి ఉండేలా రాత్రంతా నిలబెట్టండి.

తుప్పు, నలుపు

బీచ్‌కి దగ్గరగా ఉండేవారికి తుప్పుతో పోరాటం తెలిసిందే. పైపైన ఉన్న ఎర్రటి తుప్పును నూనెలో ముంచిన నాలుగు సున్నాల (0000) స్టీల్ వూల్‌తో, అంటే సన్నని ఉక్కు పీచుతో, రుద్దండి. లోతైన మచ్చ దగ్గర రాగి ముక్క అంచుతో గీకవచ్చు. రాగి ఉక్కు కంటే మెత్తన కాబట్టి గీతలు పడవు. గుంటలు మిగిలితే మిగలనివ్వండి. వాటిని చెరిపేయాలని గరుకు కాగితం పట్టిస్తే ముద్రలు, అక్షరాలు, అంచుల పదును పోతాయి. ఆ వేటదేవత బొమ్మ ఒకసారి చెరిగితే తిరిగి రాదు. ఉక్కు మీది పాత నల్ల పూత ఎక్కడైనా సగం బాగుందంటే, నూనె రాసి అలాగే వదిలేయమనే చెబుతాను.

అంతా పోయిందంటే తిరిగి నల్లబరచాలి. ఫ్యాక్టరీల్లో కాస్టిక్ ద్రావణాన్ని 140 డిగ్రీల దాకా మరిగించి ముంచుతారు. అది ఇంట్లో ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. సీసాలో వచ్చే కోల్డ్ బ్లూ చిన్న మచ్చలకి సరిపోతుంది. అందులో సెలీనియం ఉంటుంది, గ్లవ్స్ వేసుకుని కిటికీలు తెరిచి వాడండి. మొత్తం గొట్టానికి నాకు నచ్చింది నిదానంగా తుప్పు పట్టించి మరిగించే పాత పద్ధతి. ఎర్ర తుప్పును నీళ్లలో మరిగిస్తే అది నల్లటి ఆక్సైడుగా మారుతుంది. ఆ నలుపు ఉక్కును అంటిపెట్టుకుని ఉంటుంది. మనం ఏడాదంతా తిట్టుకునే చెన్నై తేమ ఈ ఒక్క పనిలో మన వైపు ఉంటుంది.

బ్యారెల్, సిలిండర్ విడివిడిగా ఉన్నాయి కాబట్టి రెండడుగుల రేకు తొట్టి చాలు. రేకు పనివాళ్లు చేసి ఇస్తారు. గొట్టం రెండు నోళ్లకీ నూనె రాసిన చెక్క బిరడాలు బిగించండి. లోపలికి చుక్క కూడా వెళ్లకూడదు. లోహాన్ని అసిటోన్‌తో తుడిచి, ఇకమీదట చేత్తో ముట్టకండి, వేలి జిడ్డు కూడా మచ్చగా పడుతుంది. తయారుగా దొరికే రస్ట్ బ్లూ ద్రావణాన్ని దూదితో పలచగా, ఒకే దిశలో పూయండి. వేడినీళ్ల బకెట్ పెట్టిన బాత్‌రూమ్‌లో రాత్రంతా వేలాడదీయండి. పొద్దునకి సన్నని ఎర్రటి పొర పడుతుంది. దాన్ని పావుగంటకి పైగా మరిగించి, జిడ్డు లేని స్టీల్ వూల్‌తో మెల్లగా రుద్దండి. మళ్లీ పూత, మళ్లీ రాత్రి, మళ్లీ మరగడం. నాలుగైదు సార్లకి ముదురు నలుపు వస్తుంది. చివర వంటసోడా నీళ్లలో కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించండి.

మరిగించడానికి బోరు నీళ్లు వాడితే ఉప్పు మరకలు పడతాయి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ క్యాన్ తెచ్చుకోండి.

కొయ్య

పాత వార్నిష్‌ను గీకి తీయండి. గుంటలు పడ్డ చోట తడిగుడ్డ పరచి ఇస్త్రీపెట్టె ఆనిస్తే, ఆవిరికి నలిగిన నార ఉబ్బి పైకి లేస్తుంది. పిడి మెడ దగ్గర చీలిక ఉంటే పగులు లోపలికి ఎపాక్సీ దూరేలా విప్పి అంటించి, ఒక రోజు బిగించి ఉంచండి. తర్వాత పెయింటు షాపులో దొరికే బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్, అంటే అవిసె నూనె, అరచేత్తో పలచగా రుద్ది, మిగిలింది తుడిచేసి, ఒక్కో పూతకీ ఒక రోజు ఆరనివ్వండి. ఆ నూనె గుడ్డల్ని ముద్దగా చుట్టి మూలన పడేయకండి. అవి తమంతట తామే వేడెక్కి అంటుకుంటాయి. పరచి బయట ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచండి.

బిగించి, పరీక్షించడం

విప్పిన క్రమాన్ని వెనక నుంచి అనుసరించండి. బేరింగు గోళీల్ని గ్రీజుతో అంటించి పెడితే జారవు. ఇరుసు బోల్టు ఎంత బిగించాలో తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. కాక్ చేశాక, గొట్టాన్ని ఏ కోణంలో వదిలితే అక్కడే నిలవాలి. దానంతటదే పడిపోతే వదులు, కదలనంటే బిగువు. ఈ పరీక్ష చేసేటప్పుడు కింద చేయి ఉంచుకోండి, ట్రిగ్గర్ దగ్గర వేలు ఉండకూడదు.

మొదటిసారి కాక్ చేసి, పెల్లెట్ పెట్టి, గొట్టం మూసి, ఆపే గోడ వైపు గురిపెట్టి ఉంచి, పిడి అడుగును రబ్బరు చాప మీద తట్టండి. పేలితే ట్రిగ్గర్ సరిగా లేదు. ఇంక వాడకుండా తెలిసినవారికి చూపించాలి.

పెల్లెట్ ఆపడానికి చెక్కపెట్టెలో పాత గుడ్డలు బిగించి కుక్కి, వెనక ఉక్కు రేకు పెట్టండి. ఫ్లాట్ బాల్కనీలోంచి, మేడ మీంచి కొట్టవద్దు. ఇంటి ఆవరణ పూర్తిగా మీదై, వెనక గట్టి గోడ ఉంటేనే, లేదంటే రేంజిలో. చుట్టూ ఉన్న అందరికీ కళ్లజోళ్లు. పెల్లెట్లు సీసం, కాబట్టి భోజనానికి ముందు చేతులు సబ్బుతో కడగాలి.

తొలి కొన్ని షాట్లకి కాస్త పొగ, నూనె వాసన వస్తాయి. తర్వాత తగ్గాలి. ఠప్పుమనే శబ్దం కొనసాగితే ఆపి, నూనె ఎక్కడ ఎక్కువైందో చూడండి. బ్రీచ్ మీద టిష్యూ కాగితం ముక్క ఉంచి పేల్చండి. అది ఎగిరితే సీలు గాలి వదులుతోంది.

క్రోనోగ్రాఫ్ ఉన్నవారెవరైనా దొరికితే వేగం కొలిపించండి. 0.51 గ్రాముల పెల్లెట్ సెకనుకు 180 మీటర్లు వెళితే దాని శక్తి 8 జౌళ్ల పైచిలుకు. అదే పెల్లెట్ 280 మీటర్లు వెళితే 20 జౌళ్లు, అంటే లైసెన్సు గీత. మధ్యరకం పాత రైఫిలుకి మొదటి అంకె చుట్టుపక్కల ఉంటే ఎంతో సంతోషించాలి. వేగం ఎంతన్నదాని కంటే, పది షాట్లలో ఆ వేగం ఎంత దగ్గరదగ్గరగా ఉందన్నదే సీలు నాణ్యత చెబుతుంది.

గురి చూసేటప్పుడు స్ప్రింగు రైఫిలును బిగించి పట్టుకోకండి. పిస్టన్ కదలికతో అది మొదట వెనక్కి, తర్వాత ముందుకి కుదుపుతుంది. పిడిని భుజానికి తేలిగ్గా ఆనించి, ముందు భాగాన్ని అరచేతి మీద ఊరికే పడుకోబెడితే ప్రతిసారీ ఒకేలా కుదుపుతుంది. ఆ ముందుకు కుదుపు వల్లే మామూలు టెలిస్కోపు అద్దాలు దీని మీద త్వరగా పాడవుతాయి. పాత ఇనుప సైట్లే చాలు. 10 మీటర్ల దగ్గర కాగితం పెట్టి ఐదేసి కొట్టి, రంధ్రాలు ఒకచోట చేరేదాకా సైటు సర్దండి.

దాచడం

ఎప్పుడూ కాక్ చేసి ఉంచకూడదు, స్ప్రింగు కుంగిపోతుంది. రెక్సిన్ కవరులో చుట్టి పెడితే లోపల తేమ చేరి వారంలోనే తుప్పు మొదలవుతుంది. నూనె రాసిన నూలుగుడ్డ చుట్టి, సిలికా జెల్ సంచీలు వేసి, తాళం ఉన్న బీరువాలో నిలబెట్టండి. పెల్లెట్లు వేరేచోట. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెలకోసారి తీసి తుడవండి. చేత్తో ముట్టుకున్న ప్రతిసారీ, ముఖ్యంగా చెమట పట్టిన చేతులతో, దాచే ముందు నూనె గుడ్డతో ఒకసారి తుడవాలి. ఆ గుడ్డను మూత పెట్టిన డబ్బాలో బీరువాలోనే ఉంచుకుంటే మరిచిపోరు.